చెంచా తగలని గోడ

సోమవారం పొద్దున ఏడున్నరకి గోడలక్క ఆ వీధిలోకి వచ్చింది. అమ్మకానికున్న ఇల్లు ఎడమవైపు ఆరోది. ఆమె దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా వీధి చివరిదాకా నడిచి, మురుగు కాల్వ మూత పక్కన గొంతుక్కూచుని, మూత అంచుకి ఎండిపోయి ఉన్న మట్టిని గోటితో గీకి చూసింది.

"అక్కా, ఇల్లు ఇటు," అన్నాడు వెనకాలే వచ్చిన అంబులెన్సు డ్రైవరు.

"ఇల్లు ఎక్కడికీ పోదులే. ఇది పొంగిందంటే మాత్రం నీ ఇంట్లోకే వస్తుంది," అంది ఆమె లేవకుండానే.

పాత ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల పేటల్లో ముందు ఆమెకే కబురు పెడతారు. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే తిరిగి చూడదు. గోడలక్క అంటే మాత్రం మలుపులో ఉన్నా పలుకుతుంది. వయసు యాభై తొమ్మిది. పద్దెనిమిదో ఏట మేనమామ వెంట ఇటుకలు అందించే పనికి వెళ్ళింది. మూడేళ్ళలో తాపీ పట్టింది. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు గోడలకి సిమెంటు పూత వేసింది. ఓ రోజు కుడిభుజం మొండికేసి చెయ్యి తల పైకి లేవడం మానేసింది. ఆమె పని మానేసింది. ఆ నెల్లోనే పాత మేస్త్రి ఒకాయన, "మా అమ్మాయి ఇల్లు కొంటోంది, నా కళ్ళకి అన్నీ బాగానే కనబడుతున్నాయి, నువ్వొచ్చి చూడు," అన్నాడు. ఆమె చూసి వద్దంది. మరుసటి వానాకాలం ఆ ఇంటి వంటగది కప్పు సగం కింద పడింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి పదిహేనేళ్ళలో మూడొందల యాభై పైచిలుకు ఇళ్ళు చూసింది.

ఆమె సంచిలో పెద్దగా సామానుండదు. ఒక టార్చి, రసమట్టం, దారానికి కట్టిన ఇత్తడి గుండు, ఒక గోళీ, పెన్సిలు, సన్నటి గాజు ముక్కలు నాలుగు, ఒక డబ్బాలో తెల్ల సిమెంటు, మేనమామ వాడిన పాత స్టీలు చెంచా. ఈ చెంచాయే ఆమె చదువు. వెనకవైపుతో గోడ మీద తడుతూ పోతుంది. పూత ఇటుకని గట్టిగా పట్టుకుని ఉంటే టక్కుమంటుంది. లోపల డొల్లగా ఉంటే డబ్బా మోగినట్టు మోగుతుంది. గది గదంతా మోకాళ్ళ ఎత్తున ఒకసారి, భుజాల ఎత్తున ఒకసారి తట్టుకుంటూ తిరుగుతుంది. ఎంత చిన్న గదైనా పావుగంటకి తక్కువ పట్టదు. పక్కన ఎవరైనా మాట్లాడితే ఆగిపోయి, వాళ్ళ మాటలయ్యేదాకా ఓపిగ్గా చూస్తుంది. రెండోసారికి ఎవరూ నోరు విప్పరు.

డ్రైవరుకీ అతని భార్యకీ ఆ ఇల్లు ఎందుకు కావాలో ఆమె ముందే అడిగి తెలుసుకుంది. భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. పదకొండేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారారు. కూతురికి తొమ్మిదేళ్ళు, ఇప్పటికే మూడో బడి. ఇప్పుడున్న ఇంటాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. అమ్మకానికున్న ఈ ఇల్లు కూతురి బడికి రెండు వీధుల అవతలే ఉంది. ఇంకో పదేళ్ళు కూడబెట్టినా ఇంతకన్నా పెద్ద ఇల్లు రాదని వాళ్ళకి తెలుసు. ఈ ఇల్లు తేడా చేస్తే ఇంకొకటి కొనే శక్తి లేదనీ తెలుసు. పైగా ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి ఇంకో బేరం వస్తోంది. వీళ్ళ మాట ఆలోపే చెప్పాలి.

"ఆరు రోజులు నాకివ్వండి. ఆలోపు బ్రోకరు ఏం చెప్పినా తలూపండి, నోరు మాత్రం విప్పకండి," అంది గోడలక్క.

బ్రోకరు అప్పటికే గేటు దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"ఇల్లు పాతదే కానీ అక్కగారూ, మనసు కొత్తది. లోపల అడుగుపెట్టగానే చల్లగా తగుల్తుంది చూడండి."

"చల్లగా ఉందంటే చెమ్మ ఉందేమో చూడాలి బాబూ."

అతను నీళ్ళు నమిలి ఫోను చూసుకున్నాడు.

ఆమె మాత్రం ఇంకా గేటు దాటలేదు. వీధి మొదట్లో సైకిలు రిపేరు షాపు ఉంది. అక్కడ స్టూలు లాక్కుని కూచుని, "వానొస్తే నీ సామాను ఎక్కడ పెడతావు?" అని అడిగింది. వీధిలో నీళ్ళు నిలుస్తాయా అని అడిగితే ఎవరైనా నిలవవనే అంటారు. ఇల్లున్నవాడు తన వీధిని తక్కువ చేసి చెప్పడు. సైకిలు షాపువాడు కింది అరలోంచి పైఅరకి చూపించాడు. "రెండేళ్ళ క్రితం దాకా పైన పెట్టేవాణ్ణి. కొత్త కాల్వ తవ్వాక కిందే ఉంచేస్తున్నా." ఆమె లేచి ఎదుటి ప్రహరీల అడుగున నీటిమరక కోసం వెతికింది. చీలమండ ఎత్తున పాత మరక ఉంది. దాని మీద కొత్త మరక ఏదీ లేదు. కాల్వ మూత చుట్టూ మట్టి కూడా పొడిగానే ఉంది. తలూపి, అప్పుడు గేటు తీసింది.

ఇల్లు ఓ మందుల షాపాయనది. షాపు ఊరి అవతలి వైపుకి మార్చాడు. రోజూ గంటన్నర ప్రయాణం పడలేక అమ్ముతున్నాడు. హాలు, రెండు పడగ్గదులు, వంటగది, పైన డాబా, వెనక బట్టలుతుక్కునే రేకుల షెడ్డు. గోడలక్క హాల్లో గోళీ వదిలింది. అది తీరుబడిగా వంటగది వైపు దొర్లి గుమ్మం దగ్గర ఆగింది. డాబా మీద నీళ్ళు పోయే గొట్టం మూసి నాలుగు బకెట్లు పోయించి, గంట తర్వాత కింద కప్పు మీద టార్చి వేసి చూసింది. మరక రాలేదు. వంటగది సింకు కింద తలపెట్టి వాసన చూసింది. స్విచ్చిబోర్డుల మీద అరచెయ్యి ఆనించి వేడి చూసింది. చెంచా తడుతూనే ఉంది. హాల్లో రెండు చోట్ల, వంటగదిలో ఒక చోట డొల్ల మోగితే పెన్సిలుతో గుండ్రాలు గీసింది. ఎవరితోనూ ఒక్క మాటనలేదు.

ఇంట్లో ఉండగా ఇంటి గురించి మాట్లాడకపోవడం ఆమె నియమం. వంకలు పెట్టినా, మెచ్చుకున్నా, వీధి మొదటికి వెళ్ళాకే. "ఇల్లు వింటుందని కాదు, ఇంట్లోవాళ్ళు వింటారు. తాళం చేతికిచ్చేదాకా అది వాళ్ళిల్లే కదా," అంటుంది.

వెనక పడగ్గదిలో పడమటి గోడకి కిటికీ. కిటికీ కింది మూల నుంచి నేలదాకా ఏటవాలుగా పగులు దిగింది. పెన్సిలు ములుకు దూరేంత వెడల్పు. డ్రైవరు భార్య దాన్ని ముందే చూసి ఉంది. వారం రోజులుగా ఆమెకి కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నది ఆ పగులే. గోడలక్క వంగి పగులు చూసింది. తర్వాత కిటికీ అంచు మీద చెయ్యేసింది. అక్కడ పూత మూలలు పదునుగా కాకుండా గుండ్రంగా, సబ్బు అరిగినట్టు నున్నగా తిప్పి ఉన్నాయి. ఆమె వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అరచేత్తో కిటికీ చుట్టూ, దాని కింద పగులు పక్కనా నెమ్మదిగా నిమిరింది. పెదాల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది.

చెంచా సంచిలోకి వెళ్ళిపోయింది.

పగుళ్ళలో రెండు రకాలు. ఎప్పుడో వచ్చి ఆగిపోయినవి, ఇంకా నడుస్తున్నవి. ఆగినదాన్ని పూసేస్తే సరిపోతుంది. నడుస్తున్నదంటే పునాది కుంగుతున్నట్టు. కంటితో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఆమె పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలనీ తెల్ల సిమెంటుతో అతికిస్తుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగుల్తుంది. గోడ అవతలివైపు షెడ్డులో చూస్తే కిటికీ ఎత్తుదాకా టైల్స్ ఉన్నాయి. అవి వేసి ఏడాది కూడా కాలేదట, కాబట్టి అటునుంచి తెలిసేదేమీ లేదు. గాజు పెట్టి, పక్కన పెన్సిలుతో తేదీ వేసింది. "శనివారం పొద్దున చూద్దాం," అంది.

వీధి మొదటికి వచ్చాక డ్రైవరు భార్య ఊరుకోలేదు. కటకాల మీద వెంట్రుకంత గీతని పట్టుకునే కళ్ళు ఆమెవి.

"కిటికీ దగ్గర నవ్వారెందుకక్కా?"

"ఆ గోడ నేను పూసిందే అమ్మాయ్. ముప్పై రెండేళ్ళయింది. అప్పుడు ఈ వీధే లేదు, చుట్టూ ఖాళీ జాగాలు. మూలలు చెంచా వెనకతో అలా గుండ్రంగా తిప్పడం మా మేనమామ పనితనం. ఆయన, నేను తప్ప ఈ చుట్టుపక్కల ఎవరూ తిప్పేవాళ్ళు కాదు."

"అయితే ఇల్లు మంచిదే అన్నమాట," అన్నాడు డ్రైవరు, మొహం వెలిగిపోతూ.

"పూత మంచిదన్నాను. పునాది నేను తవ్వలేదు."

బుధవారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే మళ్ళీ వచ్చింది. బడి వదిలే వేళకి వీధి మలుపులో నిలబడి, పిల్లల్ని లెక్కపెట్టింది. పెద్దవాళ్ళు తోడు లేకుండా నడిచి వెళ్ళేవాళ్ళు ముప్పై ఒక్కమంది. పిల్లల్ని ఒంటరిగా పంపుతున్నారంటే వీధి మీద జనానికి నమ్మకం ఉన్నట్టు అని ఆమె లెక్క. ఎన్ని గేట్లు గడియ పెట్టకుండా ఉన్నాయో, ఎన్ని కిటికీలు వీధివైపు తెరిచి ఉన్నాయో కాగితం మీద రాసుకుంది. ఇల్లు బాగుండి వీధి బాగుండకపోతే ఏమీ చెయ్యలేం, ఇంటికి సున్నం వేస్తాం గానీ వీధికి వెయ్యలేం కదా అని ఆమె వాదన. దీపాలు వెలిగేదాకా ఉండి, వీధి దీపం ఏ గుమ్మం మీద పడుతుందో కూడా చూసి వెళ్ళింది.

శనివారం పొద్దున గాజు పగిలి ఉంది.

నిలువునా, మధ్యలోకి. గదిలో ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ చూశారు. గోడలక్క పగులు దగ్గర వంగింది. బొటనవేలితో నెడితే గాజు సిమెంటు ముద్దతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. వీధి మొదటికి నడిచారు.

ఆమె ఎప్పుడూ తేల్చి చెప్పేది ఒక్క మాటే. తీసుకో, లేదా ఆగు, లేదా వద్దు. చెప్పిన మాటని చేత్తో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తుంది. సైకిలు షాపు బల్ల మీద కాగితం పెట్టి, "వద్దు" అని రాసింది.

"గోడ నడుస్తోంది. అయిదు రోజుల్లో గాజు పగిలిందంటే మామూలు నడక కాదు. ఇల్లంతా బాగుంది, వీధి బాగుంది. కానీ ఆ మూల కుంగుతోంది. అది బాగు చెయ్యాలంటే సగం ఇల్లు మళ్ళీ కట్టినట్టే."

డ్రైవరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని భార్య పక్కనున్న సైకిలు చక్రాన్ని వేలితో తిప్పింది.

"తాళం చెవులు ఎక్కడ తగిలించాలో కూడా అనుకున్నానక్కా. తలుపు వెనకాల ఒక మేకుంది."

"ఊరుకో," అన్నాడు డ్రైవరు.

"ఊరుకునే ఉన్నా. బ్రోకరుకి రేపు పొద్దున చెబుదాం. ఇవాళ చెప్పడానికి నాకు నోరు రావట్లేదు."

గోడలక్క శనివారం సాయంత్రాలు సంచి ఖాళీ చేసి సామాను కడుగుతుంది. ఆమె భర్త ఒకప్పుడు సిమెంటు లారీ నడిపేవాడు. ఇప్పుడు వరండాలో కూచుని రేడియో బాగుచేస్తానంటూ ఉన్న రేడియోని పాడుచేస్తుంటాడు. ఆమె కాగితం పొట్లం విప్పి, గాజు ముక్కలు చెత్తబుట్టలో వెయ్యబోయి ఆగింది.

ఎప్పుడైనా ఆ ముద్ద ఉలితో కొడితే గానీ ఊడదు. ఇది బొటనవేలికే ఊడింది.

వెనక్కి తిప్పి చూసింది. తెల్ల సిమెంటు వెనకాల పాత పూత కూడా బిళ్ళలా ఊడి వచ్చింది. ఇటుకని పట్టుకున్న పూత వెనకవైపు గరుగ్గా, ఎర్రగా ఉండాలి. ఇది నున్నగా ఉంది. వేలితో రుద్దితే సన్నటి దుమ్ము తప్ప ఇంకేమీ అంటలేదు.

"ఏమయ్యా," అంది, "నేను ఆ గోడ తట్టలేదు."

"ఏ గోడ?"

"నేను పూసిన గోడ. ఇల్లంతా తట్టాను. అక్కడికొచ్చేసరికి చెంచా లోపల పెట్టేశాను. నా పనే కదా, దానికేమవుతుందనుకున్నా. ఆ పూత ఇటుకని వదిలేసి ఎన్నేళ్ళయిందో. మధ్యాహ్నం ఎండకి ఉబ్బుతోంది, చల్లబడ్డాక ముడుచుకుంటోంది. గాజు పగిలింది దానివల్లేనేమో."

"గోడ నడవట్లేదన్నమాట."

"అదీ తెలియదు. పూత డొల్లయినా, గోడ కూడా నడుస్తుండొచ్చు. విప్పి చూడాలి." ఆమె గుమ్మం మీద కూలబడింది. "ఆ రోజు నాకు గుర్తుంది. ఆఖరి గది. నీళ్ళ ట్యాంకరు రాలేదు. గోడ తడవకుండా పూత వెయ్యొద్దని మావయ్య చెప్పి మరీ వేరే పనికి వెళ్ళాడు. సాయంత్రానికి అయిపోవాలని నేనే పొడిగోడ మీద పూసేశాను. పొడి ఇటుక పూతలోని నీళ్ళన్నీ పీల్చేస్తే ఇంకేం పట్టుకుంటుంది."

"నేను తెచ్చేది సిమెంటు. ట్యాంకరు నాది కాదు, నన్ననకు."

"నిన్నెవరన్నారు."

"మరి రేపు వెళ్తావా? వెళ్తే ఆ బ్రోకరు ఊరంతా టాంటాం వేస్తాడు. గోడలక్క తన గోడనే కనుక్కోలేకపోయిందని."

"వేస్తే వెయ్యనీ. నిజమేగా," అని ఆమె లేచి సుత్తి వెతకడానికి వెళ్ళింది.

ఆదివారం ఏడింటికి మందుల షాపాయన తలుపు తీసేసరికి గోడలక్క ఉలి, సుత్తి పట్టుకుని నిలబడి ఉంది.

"వెనక గది గోడ కాస్త విప్పి చూడాలండి. విప్పినంత మేరా నేనే మళ్ళీ పూస్తాను."

"వాళ్ళు తీసుకుంటారో లేదో చెప్పనే లేదు. తీసుకోనివాళ్ళ కోసం నా గోడ పగలగొట్టించుకోవాలా?"

"వాళ్ళకి వద్దని రాసిచ్చాను. రాసింది తప్పేమోనని అనుమానం వచ్చింది. ఒక మాట ముందే చెప్తున్నా. పూత తీశాక లోపల ఇటుక పగిలి ఉంటే, పన్నెండింటికి వచ్చేవాళ్ళకి కూడా మీరు చూపించాల్సొస్తుంది. తెలుసుకోవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే అనండి, వెళ్ళిపోతాను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. కాలపరిమితి దాటిన మందు అమ్మి ఎరగని మనిషి. లోపలికెళ్ళి ఎత్తు స్టూలు తెచ్చి గోడ పక్కన వేశాడు.

ఆమె ముందు చెంచా తీసింది. కిటికీ కింద తట్టింది. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. మరోసారి తట్టింది. ఆ చప్పుడుకి మందుల షాపాయన కూడా ఆమె వంక చూశాడు. ఆమె మొహం గంటు పెట్టుకుని ఉలి ఆనించింది. కుడిచెయ్యి లేవదు కాబట్టి సుత్తి ఎడమచేత్తో పట్టింది. మొదటి నాలుగు దెబ్బలకే పళ్ళెమంత పూత ఊడి కింద పడింది. కిటికీ మూల నుంచి నేలదాకా, పగులు పొడవునా, జానెడు వెడల్పున విప్పడానికి గంటన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి భుజం పట్టుకుని కూచుంది. ఆయన మంచినీళ్ళిచ్చి చీపురు కూడా పట్టాడు.

తడిగుడ్డతో ఇటుకలు తుడిచి టార్చి వేసింది. కింది నుంచి పైకి పదకొండు వరసలు. ఏ ఇటుకా పగల్లేదు. సందుల్లో సిమెంటు గట్టిగానే ఉంది. కిందనుంచి నాలుగో వరసలో ఒక్కచోట మాత్రం సందులో వెంట్రుకంత గీత ఉంది. కుట్టుసూది పెట్టి నొక్కింది. దిగలేదు.

డ్రైవరుకి ఫోను చేసింది. "బ్రోకరుకి చెప్పేశావా?"

"ఇప్పుడే ఫోను చెయ్యబోతున్నా."

"ఆగు. ఇద్దరూ ఇక్కడికి రండి."

పదింటికి వాళ్ళు వచ్చేసరికి బ్రోకరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోడలక్క ఏ ఇంట్లోనూ ఆ ఇంటి గురించి నోరు విప్పని మనిషి. ఆ రోజు మాత్రం ఆ గదిలోనే, అందరి ఎదుటే చెప్పింది.

"తప్పు ఇంటిది కాదు, నాది. అందుకే ఇక్కడే చెప్తున్నా. ఈ పూత నేను వేసిందే, పొడిగోడ మీద వేశాను. అది ఊడిపోయింది. నేను పూసిందని గర్వపడి దాన్ని తట్టకుండా గాజు దాని మీదే పెట్టాను. పగిలింది పూత. గోడ నిలబడే ఉంది."

డ్రైవరు ఇటుకల వంక చూశాడు, ఆమె వంక చూశాడు, తర్వాత గుమ్మంలో ఉన్న బ్రోకరు వంక చూశాడు.

"నిన్న వద్దన్నారు. ఇవాళ గోడ బాగుందంటున్నారు. మధ్యలో ఈయనేమైనా మీ ఇంటికొచ్చి వెళ్ళాడా అక్కా?"

"అయ్యో రామ, నేనెందుకు వెళ్తాను బాబూ!" అన్నాడు బ్రోకరు గుండె మీద చెయ్యేసుకుని.

భార్య భర్త మోచెయ్యి గిల్లింది. గోడలక్క మాత్రం నొచ్చుకోలేదు.

"అడగాల్సిందే అడిగావు. నా మాట నమ్మొద్దు. నిన్న నమ్మి ఏమైందో చూశావుగా. ఇటుకలున్నాయి, వాటిని చూడు. నాలుగో వరసలో ఒక గీతుంది, అదీ దాచట్లేదు."

డ్రైవరు భార్య చేతిసంచిలోంచి నల్లటి చిన్న భూతద్దం తీసింది. దుకాణంలో కటకాల మీద గీతలు వెతికేది అదే. నేల మీద మోకాళ్ళేసి, కంటికి ఆనించి, నాలుగో వరస సందుని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. పది నిమిషాలు చూసింది. బ్రోకరు గడియారం చూసుకుంటున్నాడు.

"గీత లోపలంతా పాత దుమ్మే ఉంది," అంది చివరికి. "అంచులు అరిగిపోయి ఉన్నాయి. కొత్త గీత అంచులు మెరుస్తాయి. మా షాపులో రోజూ చూస్తాను కదా."

గోడలక్క ఆమె పక్కన కూచుని భూతద్దం అడిగి తీసుకుంది. ఎంతోసేపు చూసింది.

"ఇది నాకెవరూ చెప్పలేదు అమ్మాయ్," అంది. "ఎక్కడ దొరుకుతుంది ఇది?"

డ్రైవరు జేబులోంచి నిన్నటి కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె "వద్దు" మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. మాట కనబడేలాగే కొట్టింది. కింద "తీసుకో" అని రాసి, ఎందుకు మార్చిందో రెండు వాక్యాలు రాసి, "పూత లోపం నాది" అని చేర్చి మళ్ళీ సంతకం పెట్టింది.

పదకొండూ ఇరవైకి మాట ఖాయమైంది. పన్నెండింటికి వచ్చినవాళ్ళు గేటు దగ్గర్నుంచే వెళ్ళిపోయారు.

భర్త చెప్పినట్టే బ్రోకరు టాంటాం వేశాడు. వారం తిరక్కుండా పేటంతా ఆ కథ పాకింది. సైకిలు షాపు దగ్గర ఎవరో, "గోడలక్కా, మీ ఇంటి గోడలు తట్టావా?" అని ఎకసెక్కమాడితే, "తట్టాను, రెండు చోట్ల డొల్లే. పూతకి నీకు కబురు పెట్టనా?" అంది. ఆమెకి కబుర్లు తగ్గలేదు. ఆ నెల మామూలుకన్నా మూడు ఇళ్ళు ఎక్కువే చూసింది. తన తప్పు తానే రాసి సంతకం పెట్టే మనిషి పక్కవాడి ఇంటి లోపాన్ని దాచిపెట్టదని జనం అనుకుని ఉండొచ్చు. ఆమెని అడిగితే, "వానాకాలం ముందు ఎప్పుడూ ఎక్కువే వస్తారు," అంటుంది.

గోడ మళ్ళీ ఆమే పూసింది. ముందురోజు సాయంత్రమే డ్రైవరు చేత గొట్టంతో నీళ్ళు కొట్టించింది. ఇక చాలక్కా అని అతనన్నాక కూడా ఇంకో గంట కొట్టించింది. స్టూలు మీద కూచుని ఎడమచేత్తో తాపీ పట్టింది. ఒక్కరోజు పని మూడు రోజులు పట్టింది. కిటికీ మూలలు మళ్ళీ చెంచా వెనకతో గుండ్రంగా తిప్పింది. ఎండాక ప్రతి జానెడూ తట్టి చూసింది. పక్కనే నిలబడి డ్రైవరు కూతురు కూడా తట్టింది.

నాలుగో వరస దగ్గర మాత్రం అరచేతి వెడల్పున పూత వెయ్యకుండా ఇటుక అలాగే వదిలేసింది. ఆ గీతకి అడ్డంగా, ఈసారి నేరుగా ఇటుక మీదే, కొత్త గాజు ముక్క అతికించి పక్కన తేదీ వేసింది. డ్రైవరు భార్య దాని చుట్టూ ఖాళీ ఫొటో ఫ్రేము ఒకటి బిగించింది. వచ్చిన చుట్టాలు ఎవరి ఫొటో అని వంగి చూసి, ఇటుకలు కనబడేసరికి ముక్కున వేలేసుకుంటున్నారు.

గోడలక్క సంచిలో ఇప్పుడొక నల్ల భూతద్దం కూడా ఉంది. ఏ ఇంటికెళ్ళినా, ఏ గోడ చూసి ముచ్చట పడుతుందో చెంచాతో ముందు దాన్నే తడుతోంది. మూడు నెలలకోసారి ఆ వీధిలోకి వచ్చి, కాల్వ మూత చూసి, తర్వాత ఆ వెనక గదిలోకి వెళ్తుంది.

గాజు పెట్టి పద్నాలుగు నెలలైంది. పగల్లేదు.